వెనక సీటులో పెళ్లికూతురు

మా లెస్కోవాట్స్ ఊళ్లో గ్వోజ్దెన్‌ని ఎరగనివాళ్లు లేరు. ఎరిగినవాళ్లలో సగంమంది అతని చేత బస్సులో చీవాట్లు తిన్నవాళ్లే. ఉద్యోగం చేసినన్నాళ్లూ నీష్ పట్నం వెళ్లే బస్సే నడిపాడు. డ్రైవరు సీటు పక్కన నిలబడి ఎవరైనా కబుర్లు మొదలుపెడితే బస్సుని రోడ్డు వారగా తీసి ఆపేసేవాడు. "నీ మాటలయ్యాక చెప్పు, బయల్దేరతాను" అనేవాడు. వెనక ఉన్నవాళ్లంతా ఆ మనిషిని కొరుక్కుతినేలా చూసేవారు. ఒకసారి అలా బస్సు ఆపించింది నేనే. ఆ రోజు మిల్లుకి ఆలస్యంగా వెళ్లి మేస్త్రీ చేత కూడా తిట్లు తిన్నాను.

నా పేరు స్తామెంక. గ్వోజ్దెన్ భార్య దేసంకా నేనూ బట్టల మిల్లులో పక్కపక్క మగ్గాల మీద పనిచేశాం. వాళ్ల పెళ్లికి సాక్షిగా నిలబడ్డాను. అలా నిలబడ్డ ఆడదాన్ని మా వైపు కుమ అంటారు. రక్తసంబంధాన్నైనా తెంచుకోవచ్చు గానీ కుమని వదిలించుకోవడం ఎవరి తరమూ కాదు. అందుకని వాళ్లింట్లో నోరు చేసుకునే హక్కు నాకుంది. ఆ హక్కుని నేను ఏనాడూ వృథా పోనివ్వలేదు.

వాళ్లకు పిల్లలు లేరు. ఒకరికొకరే. దేసంక మతిమరుపు ఉప్పుతో మొదలైంది. చిక్కుడు గింజల కూరలో ఒకరోజు రెండుసార్లు వేసింది, మర్నాడు అసలు వెయ్యలేదు. గ్వోజ్దెన్ రెండూ మారుమాట లేకుండా తిన్నాడు. తరవాత మిల్లు మూతపడ్డ సంగతి మరిచిపోయి, తెల్లారకుండానే తయారై గుమ్మంలో నిలబడేది. డాక్టరు జబ్బుకి పేరు చెప్పాడు, మందు పేరు మాత్రం చెప్పలేదు. అరవై నిండని మనిషికి ఇదేం రోగమని ఆయన మీద అరిచాను. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు?

పొద్దువాలితే చాలు, "ఇంటికి పోదాం" అని మొదలుపెట్టేది. ఇదే ఇల్లంటే ఏడుపు. గ్వోజ్దెన్ ఆమెని కారెక్కించి, వెతెర్నిత్సా ఏటి గట్టు మీదుగా ఊరు చుట్టి తెచ్చి, "ఇదిగో, ఇల్లొచ్చింది" అని అదే గుమ్మంలో దించేవాడు. ఆమె హమ్మయ్య అనుకుంటూ లోపలికి వెళ్లేది.

కారులో వాళ్లకి పెళ్లైన కొత్తలో పట్టుకున్న అలవాటొకటి ఉంది. గ్వోజ్దెన్ గేరు రాడ్డు మీద చెయ్యి వేస్తే, పక్కసీటులో ఉన్న దేసంక తన చెయ్యి దాని మీద వేసేది. గేరు మారినప్పుడల్లా రెండు చేతులూ కలిసే కదిలేవి. మనుషుల పేర్లు పోయాయి, వీధులు పోయాయి, చనిపోయినవాళ్లు ఎవరో బతికున్నవాళ్లు ఎవరో పోయింది, ఆ చెయ్యి మాత్రం తన చోటికి తానే వెళ్లేది. అలా చెయ్యి వేశాక ఎప్పుడో ఒకప్పుడు అతని వైపు తిరిగి, "గ్వోజ్దెన్" అనేది. అంతే, ఇంకో మాట ఉండదు.

"రోజుకి ఒక్కసారి పిలిస్తే చాలు కుమా" అన్నాడు నాతో. "నాకు ఇంకేమీ అక్కర్లేదు. ఆ ఒక్కటీ పోకుండా ఉంటే చాలు."

అతను ఏదైనా అడగడం నేను విన్నది అదే మొదటిసారి.

మిరపకాయల కాలం వచ్చింది. ఊరంతా పెరళ్లలో ఎర్ర మిరపకాయలు కాల్చే పొగ. ఒక సాయంత్రం ఏటి గట్టు మీద కారు పోతుండగా దేసంక తలుపు తీసి దిగబోయింది. గ్వోజ్దెన్ ఒక చేత్తో ఆమె గౌను పట్టుకుని ఇంకో చేత్తో బండి ఆపాడు. మరో వారం, ఎవరిదో మిరపకాయల ట్రాక్టరు ఎదురొస్తే భయపడి స్టీరింగు పట్టుకుని గుంజింది. బండి గిర్రున తిరిగి కంచెకి ఆనుకుని ఆగింది. ఇన్నేళ్లలో బస్సుకి గీత పడనివ్వని మనిషి, ఆ రోజు మా ఇంటికొచ్చి వంటింట్లో కూలబడ్డాడు. నేనిచ్చిన రకియా, మా పళ్ల సారా, ఒక్క గుక్కలో తాగేశాడు.

"కారు మానేస్తే సాయంత్రాలు గడవవు. మానకపోతే ఇద్దరం పోతాం" అన్నాడు.

"ఏదైనా చూపించు దానికి. చూస్తూ కూచుంటుంది" అన్నాను.

"ఫోనిస్తే కిటికీలోంచి బయటికి విసిరేసింది."

"అయితే విసరడానికి వీల్లేకుండా బిగించు."

అలా వెళ్లాం జ్వెజ్దాన్ కొట్టుకి. కార్లకి పాటల పెట్టెలూ, బొమ్మల తెరలూ బిగిస్తాడు. పనికంటే నోరు ఎక్కువ. గోడ నిండా తెరలే, అన్నిట్లోనూ ఒకే పాట, ఒకే ఆడది ఒళ్లు ఊపుతూ ఉంది.

"రా బాబాయ్! ఇదిగో, ఇది చూడు. ముందు డాష్‌బోర్డులో కూచుంటుంది. నీ టీవీకంటే పెద్దది" అన్నాడు.

"నడిపేటప్పుడు ఆడుతుందా?" అని అడిగాడు గ్వోజ్దెన్.

"రూలు ప్రకారం ఆడదు. హ్యాండ్ బ్రేకు వేసుంటేనే బొమ్మ. కానీ ఆ బ్రేకు తీగని నేను ఇలా ఎర్త్ చేశాననుకో, బండి ఎప్పుడూ ఆగే ఉందనుకుంటుంది పిచ్చిది. నువ్వు ఎంత స్పీడులో పోయినా బొమ్మ ఆడుతూనే ఉంటుంది."

"అంటే బండి చేత అబద్ధం ఆడిస్తావు."

"ఈ ఊళ్లో బండ్లన్నీ అబద్ధాలకోర్లే బాబాయ్. ఫాదరు గారి బండికి కూడా చేశాను. ఆయన ఫుట్‌బాల్ చూస్తారు."

"అదా సంగతి! మ్యాచ్ ఉన్న రోజున ప్రార్థన పరుగులు పెట్టేది అందుకే" అన్నాను నేను.

జ్వెజ్దాన్ పగలబడి నవ్వాడు. గ్వోజ్దెన్ నవ్వలేదు. "నడిపేవాడి కళ్లముందు బొమ్మ కదలకూడదు. ఇంకేమున్నాయి?" అన్నాడు.

ఇంకా రకరకాలున్నాయి. సీటుకి పట్టీతో వేలాడేది ఒకటి. గ్వోజ్దెన్ దాన్ని వేలితో తోశాడు. ఊగింది. వద్దన్నాడు. పైకప్పు నుంచి కిందికి దిగేది ఒకటి. అది అద్దంలో వెనక రోడ్డు కనపడకుండా అడ్డొస్తుందన్నాడు. చివరికి ముందు సీటు హెడ్‌రెస్టు వెనక మరలతో బిగించేది ఒకటి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ముందు కూచున్నవాడికి కనపడదు, వెనక కూచున్నవాళ్లకే.

అప్పుడు నాకు మండింది. "వెనక్కా? దాన్ని వెనక కూచోబెడతావా? ముప్పై ఐదేళ్లు నీ పక్కన కూచున్న మనిషి!"

"వెనక తలుపుకి చైల్డ్ లాక్ ఉంది. తీసుకోలేదు. స్టీరింగు అందదు. బొమ్మ నా కంట పడదు. మూడూ కలిసొచ్చాయి."

"నీ గేరు మీద చెయ్యి ఎవరేస్తారు మరి?"

అతను తెరని జ్వెజ్దాన్ చేతిలో పెట్టి, రేపే బిగించమన్నాడు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం. కానీ ఈసారి న్యాయం చెప్పాలంటే, అతను చెప్పిన మూడు కాళ్లూ నిజమే. చచ్చి ఇద్దరూ కలిసి ఉండటం కంటే బతికి ఒకరు ముందూ ఒకరు వెనకా ఉండటం మేలు కాదా? ఎవరైనా అదే అంటారు.

మర్నాడు పొద్దున్నే బిగించారు. జ్వెజ్దాన్ పక్కసీటు ఊడదీసి కింద తివాచీ ఎత్తి, ఫ్యూజుల డబ్బా నుంచి తీగ లాక్కొచ్చాడు. సీటు కింద దేసంక పోగొట్టుకున్నవన్నీ బయటపడ్డాయి. పుదీనా బిళ్లల కాగితాలు, పొద్దుతిరుగుడు గింజల పొట్టు, ఒక జడపిన్ను. గ్వోజ్దెన్ మిగతావి ఊడ్చేసి, పిన్నుని చొక్కా జేబులో వేసుకున్నాడు. తెర తన సీటు వెనక వద్దన్నాడు. పక్కసీటు వెనకే బిగించమన్నాడు. మా దేశంలో డ్రైవరు కూచునేది ఎడమవైపు గనక, అప్పుడైతే దేసంక కుడివైపు మూలగా కూచుంటుంది, తను అద్దంలో చూస్తే ఆమె మొహం కనిపిస్తుంది.

"అద్దంలో పెళ్లాన్ని చూసుకుంటూ నడుపుతావా బాబాయ్? దానికి రూలు లేదా?" అన్నాడు జ్వెజ్దాన్.

గ్వోజ్దెన్ సిగ్గుపడ్డాడు. ఆ వయసులో ఆ మనిషి మొహం ఎర్రబడటం చూస్తే నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

మొదట సీరియళ్లు పెట్టాడు. దేసంక చూడలేదు. పాటలు పెడితే చెవులు మూసుకుంది. జంతువుల బొమ్మలు పెడితే, తోడేలు జింకని పట్టుకునే చోట కెవ్వుమని అరిచింది. తలుపు పిడిని పట్టి లాగుతూనే ఉంది. అప్పుడు గ్వోజ్దెన్‌కి పెళ్లి క్యాసెట్టు గుర్తొచ్చింది.

ఆ క్యాసెట్టుకీ ఒక కథ ఉంది. దేసంక మేనమామ జర్మనీ నుంచి తెచ్చిన కెమెరాతో తీశాడు. మా వీధికి వచ్చిన మొదటి కెమెరా అదే. ఆయనకి దాన్ని వాడటం సరిగ్గా రాదు. మొదటి పావుగంటా ఆయన బూట్లే కనిపిస్తాయి. తరవాత దేసంక పుట్టింటి ముందు పెద్ద కర్రకి కట్టిన ఆపిల్, దాన్ని తుపాకితో కొట్టలేక తంటాలు పడే పెళ్లికొడుకు, నవ్వే జనం. ఆపిల్ కొడితే గాని పిల్లనివ్వరు. ఆ తరవాత మరిది వచ్చి పెళ్లికూతురి చెయ్యి అందుకుంటాడు. మా వైపు పెళ్లికూతురు పెళ్లికొడుకు బండి ఎక్కదు. ఆమెని చర్చి దాకా క్షేమంగా తీసుకురావడం మరిది పూచీ. గ్వోజ్దెన్ తమ్ముడు తిహోమిర్ ఆ రోజు తన కొత్త బండికి తువ్వాళ్లూ పూలూ కట్టి తానే నడిపాడు. వెనక కుడిపక్కన దేసంక, మధ్యలో నేను, ఎడమపక్కన కెమెరాతో మేనమామ. ఇరుక్కుని కూచోవడం వల్ల నా నీలం గౌను చంక కింద చిరిగింది. కెమెరాకి దొరికింది తిహోమిర్ మెడ వెనక భాగం, అద్దంలోంచి రోడ్డు, ఆపైన దేసంక మొహం. హారన్ల మోత. చర్చి మలుపు రాకముందే బ్యాటరీ అయిపోయింది. అంతే. పెళ్లి తంతు, కిరీటాలు పెట్టడం, విందు, ఒక్కటీ లేదు. ఆ మేనమామని మేము ఏళ్ల తరబడి ఏడిపించాం.

తిహోమిర్ పోయి చాన్నాళ్లైంది. జ్వెజ్దాన్ ఆ క్యాసెట్టుని ఎవరి చేతో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చాడు. అయిపోగానే మళ్లీ మొదటికి వచ్చేటట్టు పెట్టాడు.

ఆ సాయంత్రం నేనూ ఎక్కాను. దేసంక కుడిపక్కన, నేను ఆమె పక్కన. తెర మీద మేనమామ బూట్లు కనిపించాయి. దేసంక ముందుకి వంగింది. పిడి మీది చెయ్యి జారి ఒళ్లో పడింది. జనం కనిపించారు. "అమ్మ" అంది. "అదిగో అమ్మ." ఇంటికి పోదామనడం, గ్వోజ్దెన్ అని పిలవడం తప్ప ఆమె నోట ఇంకో మాట విని ఎన్నాళ్లైందో. గ్వోజ్దెన్ బండి వేగం తగ్గించాడు. దేసంక నా వైపు తిరిగింది. చాలాసేపు చూసింది.

"స్తామెంకా! జుట్టుకేమైందే? పిండిలో తల పెట్టావా?"

"అవునే, మీ పెళ్లి రొట్టె పిసుకుతూ పెట్టాను" అన్నాను ఎలాగో.

"గౌను చిరగ్గొట్టుకున్నావేమో చూసుకో" అంది.

అద్దంలో గ్వోజ్దెన్ కళ్లు నాకు కనిపించాయి. నన్ను గుర్తుపట్టింది! ఇక తన వంతే. ఆ కళ్లలో ఆశ చూడాలి మీరు. నాకు ఇప్పటికీ ఆ కళ్లే గుర్తొస్తాయి.

తెర మీద పెళ్లికొడుకు తుపాకి ఎత్తాడు. తప్పింది. మళ్లీ ఎత్తాడు. మళ్లీ తప్పింది. దేసంక పకపకా నవ్వింది. "ఎంత చేతకానివాడో చూడవే! ఆపిల్‌ని కొట్టలేనివాడు నన్నేం ఏలుకుంటాడు?" అని, కాస్త ఆగి, "అయినా బాగున్నాడు కదా" అంది మెల్లిగా.

ముందు నుంచి గ్వోజ్దెన్ ఇక ఆగలేకపోయాడు. బండి నడిపేటప్పుడు మాట్లాడని మనిషి మాట్లాడాడు. "గాలి వచ్చింది దేసంకా. ఆపిల్ ఊగింది. అందుకే తప్పింది."

ఆమె తెర మీదినుంచి కళ్లెత్తి అతని మెడ వెనక చూసింది. తెరలోనూ అప్పుడే తిహోమిర్ మెడ కనిపిస్తోంది. అన్నదమ్ములిద్దరికీ ఒకే మెడ, ఒకే గోధుమరంగు, చెవి కింద ఒకేలాంటి మడత.

"మీ అన్నని వెనకేసుకు రాకు తిహోమిర్" అంది నవ్వుతూ. "రోడ్డు చూసి నడుపు. చర్చి ఇంకెంత దూరం?"

గ్వోజ్దెన్ మలుపు దగ్గర ఇండికేటరు వేశాడు. అది టిక్కు టిక్కుమంటూనే ఉంది, మలుపు తిరిగాక కూడా ఆపడం మరిచిపోయాడు.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఆ రోజు నుంచి అదే జరిగింది. కారులో దేసంక బంగారం. తలుపు జోలికి పోదు, ఏడవదు, అందరినీ పేరు పెట్టి పిలుస్తుంది, పాటలు పాడుతుంది. ఇల్లొచ్చి బండి ఆగితే ఏడుపు. "ఇది చర్చి కాదు. ఇక్కడికెందుకు తెచ్చావు? ఆయన ఎదురుచూస్తుంటాడు." గ్వోజ్దెన్ తలుపు తీసి, "దేసంకా, నేనే. గ్వోజ్దెన్‌ని" అంటే మొహం చూసి వెనక్కి జరిగిపోయేది. నా చెయ్యి గట్టిగా పట్టుకునేది. ఒకరోజు నా చెవిలో అంది, "ఆ ముసలాయన ఇంట్లో తిరుగుతున్నాడే. నా గదిలోకి కూడా వస్తున్నాడు. రేపు మా ఆయనకి తెలిస్తే ఏమనుకుంటాడు? నువ్వైనా చెప్పవే, వెళ్లిపొమ్మని."

గ్వోజ్దెన్ గుమ్మంలోనే ఉన్నాడు. విన్నాడు. ఆ రోజే తన దిండూ దుప్పటీ తీసుకెళ్లి వంటింట్లో బల్ల మీద వేసుకున్నాడు.

నేను ఊరుకోలేదు. "పీకి పారెయ్ దాన్ని!" అని అరిచాను. "ఆ దిక్కుమాలిన తెరలో నువ్వు ఇరవై ఏడేళ్ల కుర్రాడివి. వాడి ముందు నువ్వు నిలుస్తావా? పీకి దాన్ని ముందు కూచోబెట్టు. స్టీరింగు పట్టుకుంటే పట్టుకోనీ. చేతులు కట్టేసైనా కూచోబెట్టు."

"పిచ్చి మాటలు మాట్లాడకు కుమా" అన్నాడు. కానీ జ్వెజ్దాన్ దగ్గరికి వెళ్లాడు. జ్వెజ్దాన్ ఆ రోజు జోకులు వెయ్యలేదు. తీగలు లాగేసి, మరలు విప్పి, తెర తీసి చేతిలో పెట్టాడు. హెడ్‌రెస్టు వెనక నాలుగు రంధ్రాలు మిగిలాయి.

సాయంత్రం గ్వోజ్దెన్ ముందు తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. దేసంక ఆ సీటు వైపు చూసి, బుగ్గలు నొక్కుకుంది. "అయ్యో, నేనెక్కడైనా ముందు కూచుంటానా? పెళ్లికూతురు మరిది పక్కన కూచుందని ఊరంతా చెప్పుకోవడానికా? నీకు నవ్వులాట ఎక్కువైంది తిహోమిర్." తానే వెనక తలుపు తీసుకుని, కుడిమూల కూచుని, గౌను సర్దుకుంది. తెర లేదు. నాలుగు రంధ్రాలు ఉన్నాయి. ఆమె వాటి వైపైనా చూడలేదు. అతని మెడనే చూస్తూ, "పోనీ" అంది.

గ్వోజ్దెన్ బండి తీశాడు. గేరు మీద అతని చెయ్యి ఒక్కటే ఉంది. ఆ రోజు నాకు ఏడుపు ఆగలేదు. దేసంక నన్ను ఓదార్చింది. "ఊరుకోవే, పెళ్లికి ఏడవకూడదు. నీకూ అవుతుందిలే."

చర్చి ఆలోచన గ్వోజ్దెన్‌దే. ఆమె కోరేది పెళ్లికొడుకుని కదా, చర్చి గుమ్మంలో పెళ్లికొడుకే నిలబడితే? నాకు నమ్మకం లేదు, అయినా సరేనన్నాను. నాకింకేం తోస్తుంది? ఆదివారం మధ్యాహ్నం ప్రార్థనలు అయిపోయి జనం వెళ్లాక, అతను గడ్డం గీసుకుని, చావుకని దాచుకున్న నల్ల సూటు తీసి వేసుకున్నాడు. మా పెరట్లోని రోజ్‌మేరీ రెమ్మ తుంచి నేనే అతని కోటుకి గుచ్చాను, వాళ్ల పెళ్లి రోజున గుచ్చినట్టే. అతను ముందే నడిచి వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు. బండి జ్వెజ్దాన్ నడిపాడు.

దారంతా దేసంక కుదురుగా లేదు. "ఈ డ్రైవరెవరే? తిహోమిర్ ఏడీ? నన్ను ఎవరికో అప్పగించి పోయాడేంటి?" తలుపు పిడిని మళ్లీ లాగడం మొదలుపెట్టింది. జ్వెజ్దాన్ చెమటలు కక్కుతూ నడిపాడు. చర్చి మలుపు తిరిగాం. క్యాసెట్టులో ఎన్నడూ రాని మలుపు.

బండి ఆగింది. గుమ్మంలో గ్వోజ్దెన్, నిటారుగా, చేతులు పక్కలకి పెట్టుకుని నిలబడ్డాడు. దేసంక దిగింది. అతన్ని చూసి ఆగింది. జుట్టు సవరించుకుంది. మొహంలోకి ఏదో వచ్చింది. నేను జ్వెజ్దాన్ మోచెయ్యి పట్టుకున్నాను. ఆమె నెమ్మదిగా మెట్లెక్కింది. అతని ముందు నిలబడి కళ్లు కిందికి దించుకుంది. వంగి, అతని కుడిచెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని ముద్దు పెట్టుకుంది. గేరు మీద ఆమె చేతి కింద ఇన్నేళ్లు ఉన్న చెయ్యే అది.

"దీవించండి మామగారూ" అంది. "మీ అబ్బాయి ఇంకా రాలేదా?"

నేను గ్వోజ్దెన్‌ని చూడలేక చర్చి గోడ వైపు తిరిగాను. దేవుడు ఉంటే ఆ గోడ అవతలే కదా ఉంటాడు. ఆయన్ని ఆ క్షణంలో నేనన్న మాటలు రాయకూడదు.

"వస్తున్నాడమ్మా" అన్నాడు గ్వోజ్దెన్ చివరికి. "దారిలో ఉన్నాడు."

"రాడేమో" అంది. ఆమె పెదవులు వణికాయి. "ఆపిల్ కొట్టలేకపోయానని సిగ్గుపడి వెళ్లిపోయాడేమో. నేను నవ్వాను కూడా. నవ్వకుండా ఉండాల్సింది." ఆ మెట్ల మీదే కూచుని ఏడవడం మొదలుపెట్టింది. చిన్నపిల్ల ఏడ్చినట్టు, ముక్కు తుడుచుకోకుండా. నేను పక్కన కూచుని ఏం చెప్పినా వినలేదు. గ్వోజ్దెన్ వంగి భుజం తట్టబోతే, "మీ అబ్బాయిని పిలవండి" అని ఇంకా పెద్దగా ఏడ్చింది.

అతను కోటు విప్పాడు. రోజ్‌మేరీ రెమ్మతో సహా దాన్ని మడిచి నా చేతిలో పెట్టాడు. జ్వెజ్దాన్ దగ్గర తాళాలు తీసుకుని, చొక్కా చేతులు పైకి మడుచుకుని, డ్రైవరు సీటులో కూచున్నాడు. మాకు వీపు చేసి కూచుని, హారన్ కొట్టాడు. పెళ్లి బండ్లు కొట్టినట్టు, ఆపకుండా కొట్టాడు.

దేసంక తలెత్తింది. తెరిచిన వెనక తలుపులోంచి ఆ మెడ కనిపించింది. ఏడుపు టక్కున ఆగింది. "తిహోమిర్! ఎక్కడ చచ్చావురా ఇంతసేపూ?" అంటూ లేచి, నన్ను కూడా లాక్కుని వెళ్లి తన మూల తను కూచుంది. జ్వెజ్దాన్ మెట్ల దగ్గరే నిలబడిపోయాడు. బండి కదిలింది.

వదిన తల్లితో సమానమని ఏ మరిదికైనా తెలుసు. ఆమెని ముట్టుకోకూడదు, అడగకూడదు, భద్రంగా తీసుకెళ్లి ఇంకొకడికి అప్పగించాలి. గ్వోజ్దెన్ బస్సు నడిపినట్టే నడుపుతున్నాడు, రెండు చేతులూ స్టీరింగు మీదే పెట్టి. ఏటి గట్టు వచ్చింది. మిరపకాయల పొగ లోపలికి వచ్చింది.

"ఇంకెంత దూరం మరిదీ?"

"వచ్చేశాం వదినా" అన్నాడు. "ఆ మలుపు తిరిగితే వచ్చేస్తాం."

మలుపు తిరిగాం. మళ్లీ గట్టే వచ్చింది. ఆమె వెనక్కి ఆనుకుని సంతోషంగా కూచుంది. "నువ్వు చాలా మంచివాడివి తిహోమిర్. ఎంత జాగ్రత్తగా తీసుకొచ్చావో ఆయనతో చెప్తాను."

"చెప్పు వదినా" అన్నాడు గ్వోజ్దెన్. "కనిపిస్తే తప్పకుండా చెప్పు."